సమాధి కూడా దస్తావేజే!

మన పల్లెల్లో శ్మశానం ఊసు వచ్చేది రెండు సందర్భాల్లోనే. శవం లేవాల్సిన పూట దారి లేనప్పుడు ఒకటి. పక్క చేను ఆసామి ఏటేటా గట్టు జరుపుకుంటూ వచ్చి చివరికి గోరీల మీదికే ట్రాక్టరు తోలినప్పుడు రెండోది. ఆ పూటకి గొడవ పడతాం. మండలాఫీసు మెట్లెక్కుతాం. అర్జీ పెడతాం. చిన్నదినం అయిపోతుంది, పెద్దదినం అయిపోతుంది. మళ్లీ ఇంకో శవం లేచేదాకా ఆ అర్జీ ఏమైందో ఎవరూ అడగరు. అర్జీ మండలాఫీసులో ఉంటుంది, గట్టు మాత్రం మన గోరీల మీద ఉంటుంది.

అందుకే అన్నలారా, అక్కలారా, ఈసారి ఒక శ్మశానం చరిత్ర చెప్పుకుందాం. అది మన జిల్లాది కాదు, మన దేశానిది కూడా కాదు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం ఉంది. అందులో పైక్ కౌంటీ అనేది మన జిల్లా లాంటిది. అక్కడ బ్యారీ అనే చిన్న పట్నానికి తూర్పున, పొలాల మధ్య, ఒక కుటుంబం తన చచ్చినోళ్లను పూడ్చుకున్న జాగా ఉంది. అక్కడ పడుకున్న పెద్దమనిషి పేరు ఫ్రాంక్ మెక్‌వర్టర్. జనం పిలిచిన పేరు ఫ్రీ ఫ్రాంక్, అంటే స్వేచ్ఛ పొందిన ఫ్రాంక్. బానిసగా పుట్టాడు, ఊరు కట్టాడు, తన నేలలో తాను పడుకున్నాడు.

అమెరికా ముచ్చట మనకెందుకని ఎవరైనా అడగొచ్చు. 1873లో మహాత్మా ఫూలే 'గులాంగిరి' రాసి, నీగ్రో బానిసలను విడిపించిన అమెరికా ప్రజలకు ఆ పుస్తకాన్ని అంకితమిచ్చాడు. ఆ దారిన నా శూద్ర సోదరులకి కూడా విముక్తి రావాలని కోరుకున్నాడు. 1972లో బొంబాయిలో మన పిల్లలు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది అమెరికా నల్లవాళ్ల బ్లాక్ పాంథర్స్‌ను చూసే. వాళ్ల చరిత్ర మనం అప్పు తెచ్చుకునేది కాదు. మనకీ వాళ్లకీ నూటయాభై ఏళ్ల చుట్టరికం ఉంది.

మనిషి విలువ 800 డాలర్లు

ఫ్రాంక్ 1777లో సౌత్ కరోలినాలో పుట్టాడు. తల్లి పేరు జూడా. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిస. తండ్రి ఎవరంటే, ఆమెను కొనుక్కున్న యజమానే అని చరిత్రకారులు చెబుతున్నారు. అంటే కన్నతండ్రే కొడుకుని ఆస్తి కింద లెక్క రాసుకున్నాడు. మన ఊళ్లలో దొరల గడీల వెనక పుట్టిన పిల్లల సంగతి తెలిసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

1795లో యజమాని కెంటకీ అడవి ప్రాంతానికి తరలిపోతూ ఫ్రాంక్‌ని కూడా తోలుకుపోయాడు. అడవి నరికింది, దుక్కి దున్నింది, ఇల్లు కట్టింది ఫ్రాంక్. పేరు మాత్రం యజమానిది. 1799లో ఇంకో యజమాని దగ్గర బానిసగా ఉన్న లూసీని పెళ్లాడాడు. ఆ పెళ్లికి చట్టంలో విలువ లేదు. పుట్టిన పిల్లలు తండ్రికి చెందరు, తల్లికి కూడా చెందరు. తల్లి యజమానికి చెందుతారు.

ఫ్రాంక్ యజమాని పని చేసి, మిగిలిన పొద్దులో తన పని చేసుకున్నాడు. 1812లో ఇంగ్లండుకి, అమెరికాకి యుద్ధం వచ్చింది. తుపాకి మందుకి సురేకారం కావాలి. ఫ్రాంక్ కెంటకీలో సురేకారం తయారుచేసి అమ్మాడు. పైసా పైసా కూడబెట్టాడు. 1817లో 800 డాలర్లు పోసి ఒక మనిషిని విడిపించాడు. ఎవరిని? తనను కాదు, లూసీని.

ఎందుకలాగ? ఇక్కడే ఆ మనిషి తెలివి చూడాలి. చట్టం ఏమంటోంది? బిడ్డది తల్లి దారి. తల్లి బానిసైతే బిడ్డ బానిస. తల్లి స్వేచ్ఛలో ఉంటే బిడ్డ స్వేచ్ఛలో పుడతాడు. అప్పటికి లూసీ కడుపుతో ఉంది. ముందు తన మెడ తాడు తెంచుకుని ఉంటే ఇంకో బిడ్డ యజమాని లెక్కలోకి పోయేవాడు. లూసీని ముందు విడిపించాడు కాబట్టి ఆ ఏడు పుట్టిన స్క్వయర్ అనే కొడుకు పుట్టుకతోనే స్వతంత్రుడయ్యాడు. చదువు లేని బానిస తన్ని కట్టేసిన చట్టంలోనే సందు వెతికి దూరాడు. రెండేళ్లకి, 1819లో, యజమాని వారసులకి ఇంకో 800 డాలర్లు కట్టి తన్ని తాను కొనుక్కున్నాడు. 1826లో పెద్దకొడుకు ఫ్రాంక్ కెనడాకి పారిపోయాడు. వాడి తలమీద యజమాని హక్కు పోయేదానికి 1829లో తన సురేకారం కార్ఖానానే యజమానికి అప్పజెప్పాడు. కార్ఖానా ఇచ్చి కొడుకుని తెచ్చుకున్నాడు.

అప్పటికీ కొందరు పిల్లలు, మనవలు బానిసత్వంలోనే మిగిలారు. వాళ్లనక్కడ వదిలి, 1830లో బండ్లు కట్టుకుని ఇల్లినాయ్ దారి పట్టాడు.

ఎవరి నేల, ఎవరు తొలి మనిషి

అమెరికాలో ఇలా కొత్త నేలకి ముందుగా పోయి, ఇల్లు కట్టి, పొలం చేసినవాళ్లను తొలి వలసదారులని గొప్పగా చెప్పుకుంటారు. వాళ్ల కుటుంబ శ్మశానాలు పల్లెపల్లెకీ ఉంటాయి. రాళ్ల మీద పేర్లుంటాయి, పుట్టిన ఏడు ఉంటుంది, చచ్చిన ఏడు ఉంటుంది. ఏటేటా పూలు పెడతారు. కానీ ఆ తొలి మనుషులంటే తెల్లవాళ్లేనని చాలాకాలం రాసుకున్నారు. అడవి నరికిన బానిస తొలి మనిషి కాలేదు. నరికించిన వాడయ్యాడు.

ఇంకో మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆ నేల అసలు తెల్లవాళ్లది కూడా కాదు. మిస్సిసిపీ నదికీ ఇల్లినాయ్ నదికీ నడుమ ఉన్న ఆ భూమి ఆదివాసులది. సర్కారు వాళ్లచేత సంతకాలు పెట్టించుకుని, వాళ్లను నది అవతలికి తోలి, 1812 యుద్ధంలో పోరాడిన సిపాయిలకి తలా 160 ఎకరాలు పంచింది. 1832లో బ్లాక్ హాక్ అనే ఆదివాసీ నాయకుడు తన జనంతో తిరిగొస్తే సైన్యం పెట్టి తరిమింది, చంపింది. ఫ్రాంక్ ఆ నేల మీద కాలు పెట్టింది దానికి ఒక ఏడు ముందు, 1831లో.

లెక్క చూడండి. యుద్ధానికి పోయిన సిపాయికి 160 ఎకరాలు ఊరికే వచ్చాయి. ఆ యుద్ధానికి తుపాకి మందు సరుకు చేసిన ఫ్రాంక్ ఆ 160 ఎకరాలనే డబ్బు పెట్టి కొనుక్కున్నాడు. ఆ నేల అసలు హక్కుదారులకి ఏమీ మిగల్లేదు. ఒక్క ముక్క నేల చుట్టూ మూడు రకాల న్యాయాలు నడిచాయి. ఫ్రాంక్ గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఆదివాసుల సంగతి మింగేస్తే మనం కూడా ఊరి కరణం రాసినట్టే చరిత్ర రాసినవాళ్లమవుతాం.

ఇల్లినాయ్ బానిసత్వం లేని రాష్ట్రం అన్నారు. మాటకి లేదు. చేతల్లో ఏముంది? నల్లమనిషి ఆ రాష్ట్రంలో కాపురం పెట్టాలంటే వెయ్యి డాలర్ల పూచీకత్తు చూపాలని 1829లో చట్టం చేశారు. నల్లవాడికి ఓటు లేదు. తెల్లవాడి మీద కోర్టులో సాక్ష్యం చెప్పే హక్కు లేదు. నది అవతల మిస్సోరి బానిసల రాష్ట్రం. మనుషుల్ని ఎత్తుకుపోయి అమ్ముకునేవాళ్లు ఆ నది దాటి వస్తూనే ఉండేవాళ్లు. అలాంటి చోట ఫ్రాంక్ ఇల్లు కట్టుకున్నాడు. పారిపోయి వచ్చిన బానిసలకి ఆ ఇంటి తలుపు తెరిచే ఉండేదని, కెనడా దాకా దారి చూపేవాళ్లమని ఆ కుటుంబం తరతరాలుగా చెప్పుకుంటోంది.

కాగితం పట్టినవాడు

1836లో ఫ్రాంక్ 42 ఎకరాలు కొలిపించి, 144 స్థలాలుగా గీయించి, వీధులకి జాగా వదిలి, ఆ నక్షాని సర్కారు పుస్తకంలో ఎక్కించాడు. ఊరి పేరు న్యూ ఫిలడెల్ఫియా. అమెరికాలో ఒక నల్లమనిషి గీయించి, తన పేరున రిజిస్టరు చేయించిన మొదటి ఊరు ఇదేనని చరిత్రకారులు తేల్చారు. ఆ స్థలాలు నల్లవాళ్లూ కొన్నారు, తెల్లవాళ్లూ కొన్నారు. అక్కడ వెలివాడ లేదు, పక్కపక్కనే ఇళ్లు. వచ్చిన డబ్బుతో ఫ్రాంక్ ఏం చేశాడు? మేడ కట్టలేదు. కెంటకీకి తిరిగెళ్లి ఒక్కొక్కరినే విడిపించుకుంటూ వచ్చాడు. ఊరు గీయించడానికి ముందే, 1835లో, సోలమన్ అనే కొడుకుని 550 డాలర్లకి తెచ్చుకున్నాడు. తనతో కలిపి కుటుంబంలో 16 మందికి స్వేచ్ఛ కొన్నాడు. మొత్తం ఖర్చు సుమారు 14 వేల డాలర్లు.

ఇక్కడ ఆగి ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఈ మనిషి ప్రతి పనికీ కాగితం పుట్టించాడు. భూమికి కాగితం, విడుదలకి కాగితం, ఊరికి నక్షా. అది చాలదని 1837లో ఇల్లినాయ్ శాసనసభ చేత ఒక చట్టమే చేయించుకున్నాడు. ఆ చట్టంతో ఫ్రాంక్ మెక్‌వర్టర్ అనే ఇంటిపేరు వచ్చింది. కోర్టులో దావా వేసే హక్కు, ఆస్తి కొనే అమ్మే హక్కు వచ్చాయి. 1839లో, నలభై ఏళ్లు కాపురం చేసిన లూసీని చట్టప్రకారం మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. అరవై దాటిన ముసలాయన, ముసలామె పెళ్లి పీటలెక్కారంటే సరదాకి కాదు. రేపు తన పిల్లల హక్కుని ఎవడూ అడ్డు చెప్పకుండా చేసుకున్న బందోబస్తు అది.

1854 సెప్టెంబరులో, 77 ఏళ్ల వయసులో ఫ్రాంక్ చనిపోయాడు. వీలునామాలో కూడా ఇంకా బానిసత్వంలో మిగిలిన తనవాళ్లను విడిపించే ఏర్పాటు రాసిపెట్టాడు. పోయినాక కూడా ఆయన డబ్బు మనుషుల్ని విడిపించింది. 1870లో లూసీ 99 ఏళ్ల వయసులో పోయింది. ఇద్దరినీ, వాళ్ల కుటుంబంలో మరికొందరినీ ఊరి బయట ఉన్న ఆ శ్మశానంలోనే పెట్టారు.

ఊరు పోయింది, శ్మశానం మిగిలింది

తర్వాత ఏమైంది? 1869లో ఆ ప్రాంతానికి రైలు వచ్చింది. పట్టాలు న్యూ ఫిలడెల్ఫియా మీదుగా రాలేదు, ఊరిని తప్పించి ఉత్తరంగా పోయాయి. రైలు రాని ఊరికి బేరం రాదు, బేరం లేని ఊళ్లో జనం నిలవరు. 1865లో సుమారు 160 మంది ఉన్న ఊరు ఒక్కో ఇల్లే ఖాళీ అయింది. 1885లో ఊరి నక్షాలో చాలా భాగాన్ని రద్దుచేసి మళ్లీ పొలంగా రాశారు. ఇరవయ్యో శతాబ్దం సగానికి అక్కడ ఊరున్న గుర్తే లేదు. వీధులు చేలల్లో కలిసిపోయాయి.

శ్మశానం మాత్రం పోలేదు. రాళ్లున్నాయి, రాళ్ల మీద పేర్లున్నాయి. ఇంకా ముఖ్యం, ఆ పేర్లు మోసే మనుషులున్నారు. ఫ్రాంక్‌కి ముని మునిమనవరాలు జూలియట్ వాకర్. చరిత్ర చదువుకుని ప్రొఫెసరైన మనిషి. కచేరీల్లో దస్తావేజులు తిరగేసి, ఇంట్లో దాచిన కాగితాలు విప్పి, పెద్దల నోటి మాటల్ని కాగితాలతో సరిపోల్చి 1983లో తన పూర్వీకుడి చరిత్ర పుస్తకంగా వేసింది. 1988లో ఫ్రాంక్ సమాధి అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. అదే ఇల్లినాయ్‌లో, అదే జాబితాలో, అబ్రహాం లింకన్ సమాధి కూడా ఉంది. అధ్యక్షుడూ, ఒకప్పటి బానిసా ఒకే పుస్తకంలో ఎక్కారు.

సమాధి ఎక్కింది కాబట్టి ఊరు కూడా లేచింది. 1996లో చుట్టుపక్కల జనం ఒక సంఘం పెట్టారు. 2002 నుంచి విశ్వవిద్యాలయాల వాళ్లు వచ్చి చేలల్లో అడుగు అడుగు నడిచి పెంకులు, మేకులు, సీసాముక్కలు ఏరి, ఏ ఇల్లు ఎక్కడుండేదో ఫ్రాంక్ గీయించిన పాత నక్షాతో సరిచూశారు. నక్షా ఉంది కాబట్టి సరిచూడగలిగారు. 2005లో ఊరి జాగా జాతీయ జాబితాకెక్కింది. 2009లో జాతీయ చారిత్రక చిహ్నమైంది. 2022 డిసెంబరులో చట్టం చేసి ఆ ఊరి జాగాని దేశపు జాతీయ పార్కుల శాఖ కిందికి తెచ్చారు. ముందు సమాధి, తర్వాత ఊరు. చచ్చినోళ్లు సాక్ష్యం చెప్పి ఊరిని బతికించారు.

కాగితం లేనివాళ్ల గతి

ఫ్రాంక్‌కి కాగితముంది. లేనివాళ్ల సంగతేంటి? 1991లో న్యూయార్క్ నడిబొడ్డున సర్కారు ఆఫీసు కట్టడానికి పునాదులు తవ్వితే మనుషుల ఎముకలు బయటపడ్డాయి. అది పాతకాలంలో ఆఫ్రికా జనాన్ని పూడ్చిన జాగా. దాని మీద వందేళ్లకు పైగా భవనాలు లేచాయి. నల్లజనం రోడ్డెక్కి పని ఆపించారు. అప్పటికే తీసిన 419 మంది అవశేషాలను 2003లో గౌరవంగా మళ్లీ అక్కడే పూడ్చారు. 2006లో అది జాతీయ స్మారకం అయింది. కానీ ఆ 419 మందికీ పేర్లు లేవు, నంబర్లే ఉన్నాయి.

ఫ్లోరిడాలో టాంపా పట్నం ఉంది. 1901లో నల్లవాళ్లు జయన్ అనే శ్మశానం పెట్టుకున్నారు. కొన్నేళ్లకి ఆ భూమి చేతులు మారింది. దాని మీద దుకాణాలు లేచాయి, సర్కారు ఇళ్లు లేచాయి. 2019లో భూమి లోపల చూసే యంత్రాలు పెట్టి వెతికితే ఇళ్ల కింద శవపేటికలు కనిపించాయి. పైన బతికినవాళ్లకి తాము ఎవరి మీద బతుకుతున్నామో తెలీదు. న్యూ ఫిలడెల్ఫియాని పార్కుగా చేసిన ఆ 2022 డిసెంబరు చట్టంలోనే, నల్లజనం పూడ్పు జాగాలను వెతికి కాపాడటానికి జాతీయ పార్కుల శాఖలో ఒక పథకం కూడా పెట్టారు. శ్మశానం పోవడం ఒక ఊరి రోగం కాదు, దేశం మొత్తం రోగమని ఒప్పుకున్నట్టే కదా!

ఇక మన సంగతి

మన ఊళ్లో చెరువు తవ్విన చేతులెవరివి? కట్ట మోసిన తలలెవరివి? బంజరు కొట్టి మాగాణి చేసినవాళ్లెవరు? వాళ్ల గోరీలు ఎక్కడున్నాయో చూపించండి. చాలా పల్లెల్లో చూపించలేం. వాగు పక్కన, డొంక చివర, ఎవరికీ పనికిరాని చౌడులో మనవాళ్లను పూడ్చమన్నారు. ఊరి పెరుగుదలకి ఆ చౌడుకి కూడా ధర వచ్చింది. ధర రాగానే అది ఎవరిదో ఒకరిది అయిపోయింది. అడంగల్లో చూస్తే శ్మశానం అని ఉండదు, పోరంబోకు అని ఉంటుంది. ఒక్కోచోట ఎకరం అని రాసి ఉంటే నేల మీద పది సెంట్లు కూడా దొరకదు.

వాళ్ల చావులకి మాత్రం మనం కావాలి. డప్పు కొట్టేది మనం, చావు కబురు మోసేది మనం, కట్టెలు పేర్చేది మనం. మన చావుకి దారివ్వరు. ఈ ముక్క చట్టం కూడా ఒప్పుకుంది. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేశారు. అది 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. శ్మశానాన్ని అందరితో సమానంగా వాడుకోకుండా దళితుల్ని అడ్డుకోవడం నేరం. దళితుల చేత శవాలు మోయించడం, గోతులు తవ్వించడం కూడా నేరం. చట్టం ఉంది. మరి ఎన్ని ఊళ్లలో ఈ సెక్షను కింద కేసు రాయించాం?

సమాధి బలం ఏమిటో మనకి తెలియంది కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ శవాలను ఊరవతల ఎక్కడో పెట్టడానికి జనం ఒప్పుకోలేదు. ఊరి నడుమ పూడ్చి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. తీర్పులు మారాయి. రక్తక్షేత్రంలో పడుకున్న ఎనిమిది మంది మాత్రం ఇక్కడే చంపారని చెబుతూనే ఉన్నారు. ఆ సాక్ష్యాన్ని ఏ వకీలూ అడ్డు ప్రశ్నలతో తిప్పలేడు.

కొందరు కార్యకర్తలు అడుగుతారు: బతికున్నోడికి సెంటు భూమి లేదు, కూలి రేటు లేదు, చచ్చినోళ్ల గోరీల పని పెట్టుకోమంటారా? మంచి ప్రశ్నే. జవాబు ఏమిటంటే, శ్మశానం పని భూమి పనికి అడ్డం కాదు, భూమి పనికి మొదలు. మా తాత ముత్తాత ఇక్కడే చచ్చారని చూపించలేని వాడిని ఎక్కడినుంచో వచ్చిన కూలోళ్లని అనడం తేలిక. మూడు తరాల గోరీలు వరసగా చూపించేవాడిని ఆ మాట అనలేరు. గోరీల మీదికి వచ్చిన గట్టుని ఆపలేని పల్లె, సాగుభూమి మీద గట్టు ఎలా పెట్టిస్తుంది?

ఇంకొందరు అంటారు: ఫ్రాంక్ తన కుటుంబాన్ని తాను కొనుక్కున్నాడు, అది ఉద్యమమా? కాదు. ఆ మాట నిజం. 16 మంది విడుదలైన కాలంలోనే దేశంలో బానిసలు లక్షల్లో పెరిగారు. 1860 జనాభా లెక్కల్లో దాదాపు 40 లక్షల మంది. ఒక్కొక్కరినే కొని విడిపించుకుంటే ఎన్ని యుగాలు పట్టేది? పైగా కొన్న ప్రతిసారీ డబ్బు పోయింది బానిసల యజమాని జేబులోకే. బానిసత్వం పోయింది యుద్ధంతో, 1865 రాజ్యాంగ సవరణతో. ఒక్కడు పైకొస్తే జాతి పైకి రాదు. మనలో నలుగురు ఆఫీసర్లయితే పల్లె మారిందా? కాబట్టి ఫ్రాంక్‌ని దేవుణ్ణి చేయక్కర్లేదు. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. శత్రువు రాసుకునే పుస్తకంలో మన పేరు మనమే, మనకి కావలసినట్టు, ఎక్కించడం.

ఏం చేయాలి?

ఒకటి. ప్రతి పల్లెలో నలుగురు కూర్చుని శ్మశానం ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉండేదో ముసలివాళ్లను అడిగి కాగితం మీద గీయండి. ఏ చెట్టు, ఏ రాయి, ఏ బోదె హద్దో రాయండి. ఆ ముసలివాళ్లు పోతే ఆ హద్దులు కూడా పోతాయి. ఈ పని వచ్చే నెలకి వాయిదా వేయకండి.

రెండు. చచ్చినోళ్ల పేర్లు రాయండి. మగవాళ్లవే కాదు, ఆడవాళ్లవి కూడా. ఫలానా వాడి పెళ్లాం అని కాదు, ఆమె పేరు రాయండి. లూసీ పేరు నిలిచింది కాబట్టే ఆ కథ సగం మనకి తెలిసింది. ఏం పని చేశారో, ఏ చెరువు తవ్వారో, ఏ కొట్లాటలో పోయారో రాయండి.

మూడు. సర్కారు కాగితం తీయండి. ఆంధ్రలో అడంగల్, ఆర్.ఎస్.ఆర్., ఎఫ్.ఎం.బి. నక్షా. తెలంగాణలో సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, టీపన్. అడిగితే ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పాత కాగితంలో ఎంత విస్తీర్ణముందో, నేల మీద ఎంతుందో సర్వేయరుని పిలిచి కొలిపించండి. ఆంధ్రలో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. రీసర్వే అంటే పుస్తకం తిరగరాయడం. తిరగరాసేటప్పుడు పక్కన నిలబడనివాడి గీత చెరిగిపోతుంది.

నాలుగు. గ్రామసభలో తీర్మానం పెట్టించండి. శ్మశానం సర్వే నంబరు, విస్తీర్ణం, దారి, నాలుగు హద్దులు ఆ తీర్మానంలో ఉండాలి. ఆ నంబరుని రిజిస్ట్రేషను నిషేధ జాబితాలో, అంటే 22-ఎ జాబితాలో, ఎక్కించమని కలెక్టరుకి రాయండి. ఎక్కిన నంబరుని ఎవడూ తేలిగ్గా అమ్ముకోలేడు. తెలంగాణలో 2019 నుంచి ఊరూరా వైకుంఠధామాలు కట్టారు. సిమెంటు గద్దె కట్టినంత మాత్రాన పాత గోరీల జాగా వదులుకోవద్దు. కొత్తది వచ్చింది కాబట్టి పాతది మాదని ఎవరో ఒకరు బయలుదేరతారు.

అయిదు. చాలాచోట్ల మాల గోరీలు వేరు, మాదిగ గోరీలు వేరు. ఆ నడుమ ఉన్న గీత మనం గీసింది కాదు, గీయించినవాడు వేరే ఉన్నాడు. ఆక్రమించేవాడు ఆ గీత మీదుగానే లోపలికి వస్తాడు. ఒక పల్లె జాగా పోతుంటే రెండో పల్లె చూస్తూ ఊరుకుంటే, రేపు వంతు రెండో పల్లెది. కొలిపించేటప్పుడైనా ఇద్దరూ కలిసి గొలుసు పట్టండి.

ఇవన్నీ చేయడానికి పెద్ద నాయకుడు రానక్కర్లేదు. పదో తరగతి చదివిన పిల్లలు ఇద్దరు, జ్ఞాపకం ఉన్న అవ్వ ఒకతె, మండలాఫీసులో గట్టిగా మాట్లాడే మనిషి ఒకడు చాలు. చదవడం రాయడం రాని ఫ్రాంక్, బానిసల రాష్ట్రం పొలిమేరలో, ఓటు లేకుండా, సాక్ష్యం చెప్పే హక్కు లేకుండా ఊరికి నక్షా గీయించాడు. మనకి ఓటుంది, చట్టముంది, అంబేద్కర్ రాసిచ్చిన రాజ్యాంగముంది. మనవాళ్లు పడుకున్న పది గుంటల నేలకి నాలుగు హద్దులు వేయించుకోలేమా?

మీ పల్లెలో కొలిపించిన లెక్కలు, రాసిన పేర్లు పత్రికకి పంపండి. ఒక్కో పల్లెది ఒక్కో సంచికలో వేసుకుందాం. కరణం పుస్తకంలో లేని ఊరు మన పుస్తకంలో ఉండాలి.